ఆరు గంటల భోజనం

"రాత్రి భోజనం ఆరు గంటలకు. ఐదు లోపల వచ్చేయండి. ఆలస్యం అయ్యేటట్టయితే ముందుగా ఫోన్ చేయండి."

మా అమ్మాయి ఫోన్లో ఆ ఉత్తరం చూస్తూ జపనీసులోంచి తెలుగులోకి చెబుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త చివుక్కుమంది. డబ్బిచ్చి ఉండబోతున్నాం. మనమేమైనా హాస్టల్ పిల్లలమా, గంట కొడితే కంచాలు పట్టుకుని వెళ్ళడానికి?

"ఆరింటికి మనం టీ తాగుతాం కదే! ఏడున్నరకో ఎనిమిదింటికో పెట్టమని అడగలేవూ?" అన్నాను.

"అడక్కూడదమ్మా."

"అడిగితే తప్పేంటి?"

"తప్పని కాదు. ఆవిడకి కుదరదు. కుదరదని మనతో అనాల్సి వచ్చినందుకు ఆవిడ నొచ్చుకుంటుంది. తెలిసి తెలిసి ఎందుకు నొప్పించడం?"

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. తిరిగొచ్చి ఆరు నెలలైంది. ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి నగోయాలో ఉద్యోగం చేస్తోంది. నాలుగేళ్ళుగా రమ్మని పోరగా పోరగా పోయిన నవంబరు మొదటివారంలో నేనూ మా వారూ వెళ్ళాం. అత్తయ్యగారి దగ్గర ఉండడానికి మా ఆడపడుచు వచ్చింది కాబట్టి కుదిరింది. టోక్యో, క్యోటో అందరూ చూసేవే, మిమ్మల్ని కొండల్లో ఒక ఇంట్లో ఒక రాత్రి ఉంచుతాను అంది అమ్మాయి.

హోటల్ కాదు, ఇల్లే. దాన్ని వాళ్ళు మిన్షుకు అంటారు. ఒక కుటుంబం తాము ఉండే ఇంట్లోనే నాలుగైదు గదులు దారిన పోయేవాళ్ళకి ఇస్తుంది. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి మనిషికింత అని లెక్క. గదికి విడిగా స్నానాలగది ఉండదు, అందరికీ ఒకటే. ర్యోకాన్ అని ఇంకో రకం ఉంది, అది కాస్త దర్జా. అక్కడైతే పరుపులు వాళ్ళే వేస్తారు. మిన్షుకులో మామూలుగా పరుపు మనమే పరుచుకోవాలి, పొద్దున మనమే మడతపెట్టాలి.

"అంటే బంధువుల ఇంటికి వెళ్ళినట్టన్నమాట" అన్నారు మా వారు.

"బంధువుల ఇంట్లో మీరెప్పుడు పరుపు మడతపెట్టారు?" అన్నాను నేను.

నగోయా నుంచి నకత్సుగావా అనే ఊరికి రైల్లో గంట లోపే. అక్కణ్ణించి అరగంట బస్సు ప్రయాణం చేస్తే మగోమె. మగోమె నుంచి త్సుమగో దాకా కొండదారిన నడక, ఎనిమిది కిలోమీటర్లు. ఈ దారి పేరు నకసెండో. టోక్యోని ఎడో అని పిలిచే రోజుల్లో అక్కణ్ణించి క్యోటోకి కొండల మీదుగా వేసిన బాట, ఐదువందల కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడుగునా 69 మజిలీలు. మన పెద్దవాళ్ళు కాశీకి నడిచి వెళ్ళేటప్పుడు మజిలీలు చేసినట్టే, పొద్దుగూకే వేళకి ఏదో ఒక మజిలీ చేరి, తిని పడుకుని, తెల్లారి మళ్ళీ నడక. ఎడో వైపు నుంచి లెక్కపెడితే త్సుమగో 42వ మజిలీ, మగోమె 43వది.

త్సుమగో గురించి ఒక సంగతి చెప్పాలి. 1911లో ఆ లోయలో రైలుమార్గం పూర్తయ్యాక బాటమీద నడిచేవాళ్ళు తగ్గిపోయారు. మజిలీకి మనిషి రాకపోతే ఊరికి బతుకేముంది? చిక్కిపోయింది. 1968లో పాత ఇళ్ళని బాగుచేయడం మొదలుపెట్టారు. తర్వాత ఊరివాళ్ళందరూ కూర్చుని మూడు కట్టుబాట్లు చేసుకున్నారు. ఇళ్ళు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. 1976లో జపాన్ ప్రభుత్వం కాపాడవలసిన పాత ఊళ్ళ మొదటి జాబితాలో దాన్ని చేర్చింది. ఇప్పటికీ పగటిపూట ఆ పెద్దవీధిలోకి కార్లు రానివ్వరు. తలెత్తి చూస్తే కరెంటు తీగలు కనబడవు.

గమనించారా, ఆ మూడూ 'కూడదు' అనే మాటలే. వచ్చిన ప్రతివాళ్ళకీ సరేనంటూ పోయి ఉంటే ఆ ఊరు ఇవాళ ఉండేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మగోమెలో పదకొండున్నరకి దిగాం. రాళ్ళు పరిచిన ఏటవాలు వీధి, అటూ ఇటూ చెక్క ఇళ్ళు. ఒక కొట్లో గొహెయ్ మొచి తిన్నాం. వేడన్నాన్ని మెదిపి, పుల్లకి గుచ్చి, అక్రోటుకాయలూ నువ్వులూ నూరిన తియ్యటి ముద్ద పూసి నిప్పులమీద కాలుస్తారు. నాకు ఎంత నచ్చిందో! నువ్వులపొడి అన్నం కలిపి నిప్పుమీద పెట్టినట్టుంది. సామాను ఒక ఊళ్ళో ఇస్తే పక్క ఊరికి చేర్చే ఏర్పాటు అక్కడ ఉందిగానీ, మేం పెద్ద పెట్టెలు నగోయాలోనే వదిలేసి వీపుకి చిన్న సంచులతో వచ్చాం.

దారి మొదట ఎక్కుడు, ఎనిమిదివందల మీటర్ల ఎత్తున్న కనుమ దాకా. అది దాటాక అంతా దిగుడే. వెదురు, దేవదారులాంటి నిటారు చెట్లు, అక్కడక్కడా ఎర్రబడ్డ మేపుల్ ఆకులు. దారి పక్కన మధ్యమధ్య గంటలు కట్టి ఉన్నాయి, ఎలుగుబంట్లకి మనం వస్తున్నట్టు తెలియడానికి. మా వారికి గుడికి వెళ్ళిన అలవాటు కదా, కనబడిన ప్రతి గంటా మోగించి దణ్ణం పెట్టబోయారు. నడిమధ్యలో ఒక పాత ఇంట్లో బాటసారులకి ఉచితంగా టీ ఇస్తున్నారు. మధ్యలో కట్టెల పొయ్యి, పైన వేలాడే కెటిల్. ఆ ముసలాయన మాకు మూడు చిన్న కప్పుల్లో పోసి, ఏ దేశం అని అడిగి, నవ్వి, మళ్ళీ పొయ్యి దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఇంకొక కప్పు అని బలవంతం చేయలేదు. నాకు అదీ వింతే.

ఎనిమిది కిలోమీటర్లంటే మూడు గంటలన్నారు. మాకు ఐదు పట్టింది. నా మోకాళ్ళు కొంత, మా వారి ఫోటోలు కొంత. నవంబర్లో అక్కడ ఐదయ్యేసరికి పొద్దుగూకుతుంది, కొండల మధ్య ఇంకా ముందే చీకటి. నాలుగున్నరకి అమ్మాయి ఆ ఇంటికి ఫోన్ చేసి, ఐదుంపావు అవుతుందని చెప్పి, ఫోన్ చెవిదగ్గరుండగానే తల వంచి క్షమాపణ అడిగింది. అదేమిటే, ఎదురుగా ఎవరున్నారని, అన్నాను. "ఫోన్ చేయకపోతే ఆవిడ మనం కొండలో పడిపోయామనుకుని వెతకడానికి మనుషుల్ని పిలుస్తుందమ్మా" అంది. నాకు కళ్ళు కొంచెం చెమ్మగిల్లాయి. ఐదు లోపల రమ్మనడం దర్పం కోసం కాదన్నమాట. చీకటిపడేలోపు మనిషి ఇల్లు చేరాలని.

డెబ్భై ఏళ్ళావిడ. తెల్లజుట్టు, నడుముకి ఏప్రను, చేతులు మాత్రం నా చేతుల్లాగే గరుకు. గుమ్మం లోపల కింద మెట్టు దగ్గర చెప్పులు విప్పి, పైమెట్టు ఎక్కి, వాళ్ళిచ్చిన స్లిప్పర్లు వేసుకోవాలి. చాప పరిచిన గదిలోకి ఆ స్లిప్పర్లతోనూ వెళ్ళకూడదు. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు. మా వారు ఆ మరుగుదొడ్డి స్లిప్పర్లతోనే వసారాలోకి వచ్చేశారు. ఆవిడ చూసి చూడనట్టు మొహం తిప్పుకుని నవ్వింది. అంటు, మడి తెలిసిన ఇంటి నుంచి వచ్చిందాన్ని కదా, నాకు మాత్రం ఆ ఏర్పాటు వెంటనే అర్థమైంది.

స్నానం ఒకరి తర్వాత ఒకరం. చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా రుద్దుకుని కడిగేసుకున్నాకే చెక్కతొట్టిలో దిగాలి. మెడదాకా వేణ్ణీళ్ళు. ఐదు గంటల నడక ఆ నీళ్ళలో కరిగిపోయింది. బయటికొస్తూ, నేను మునిగిన నీళ్ళు కదా అని బిరడా లాగబోయాను. "అమ్మా, నీళ్ళు తీసేయకు, తర్వాత వాళ్ళకి అవే!" అని తలుపు బయట నుంచి అమ్మాయి కేక. ముందే ఒళ్ళు కడుక్కునేది అందుకే.

ఆరుకి రెండు నిమిషాలుండగా కింద భోజనాల గదిలో కూర్చున్నాం. మాతో పాటు ఇంకో రెండు జంటలు.

ఇక్కడ భోజనం గురించి చెప్పాలి, ఎందుకంటే నేను అసలు నేర్చుకున్నది అక్కడే. మేం చేప, మాంసం తినం. (అమ్మాయి బయట గుడ్డు తింటుంది. అది మాకు తెలుసని దానికీ తెలుసు.) గది తీసుకునేటప్పుడే ఈ సంగతి రాసిందట. దానికి ఆవిడ జవాబు ఇది: చేప, మాంసం తీసేసి టోఫు, కూరలు పెట్టగలను. కానీ మా వంటలన్నిటికీ ఆధారం దాషి, అంటే ఎండబెట్టిన చేప తురుముతో కాచిన నీళ్ళు. అది లేకుండా అన్నీ విడిగా వండడం నా వంటింట్లో అయ్యే పని కాదు. దాషి లేకుండా పెట్టగలిగినవి ఇవీ, అని ఒక చిన్న జాబితా. ఇది చాలనుకుంటే రండి. చాలదనుకుంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి, ధర తగ్గుతుంది.

మా తోడికోడలికి ఈ మాట చెబితే "ఎంత పొగరు!" అంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆలోచించండి. "ఫరవాలేదు, చూసుకుంటాను" అని ఆవిడ అనేసి, ఆ చేపనీళ్ళతోనే వండి పెట్టి ఉంటే మాకు తెలిసేదా? సగం చోట్ల జరిగేది అదే. నాకు కుదరదు అన్నావిడ మాట మీద నమ్మకంతో నేను ఆ రాత్రి నిశ్చింతగా తిన్నాను. ఆవిడ పెట్టినవి నాలుగే: వేడన్నం, అక్రోటు ముద్ద పూసి కాల్చిన టోఫు, ఉప్పులో ఊరిన ముల్లంగి, నువ్వులనూనెలో వేయించిన పుట్టగొడుగులు. అందరి పళ్ళెంలోనూ పులుసుగిన్నె ఉంది, మా ముగ్గురికీ ఆ చోట టీ కప్పు పెట్టింది. నేను సంచిలోంచి కందిపొడి తీసి, అడగొచ్చా అని అమ్మాయి మొహం చూశాను. ఆవిడ తానే వచ్చి వాసన చూసి, వేలికి అద్దుకుని నాకి, కళ్ళు పెద్దవి చేసి, ఏదో అంది. "పప్పుతో ఇలాంటిది చేయొచ్చని డెబ్భై ఏళ్ళు తెలియలేదంటోంది" అని అమ్మాయి చెప్పింది. మిగిలిన పొడి ఆవిడకే ఇచ్చేశాను.

ఇంతకీ నాకు గొంతు పట్టేసింది తిండి దగ్గర కాదు. తింటూ తింటూ అమ్మాయి మామూలుగా, ఏ నిష్ఠూరమూ లేకుండా, ఒక మాట అంది.

"మనం ముగ్గురం ఒకేసారి కూర్చుని తినడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారమ్మా. ఇంట్లో నువ్వెప్పుడూ నిలబడే ఉంటావు."

కాదనడానికి నోరు తెరిచాను. పండగలు గుర్తు చేసుకున్నాను, పుట్టినరోజులు గుర్తు చేసుకున్నాను. ఒక్కటి దొరకలేదు. నేను వడ్డిస్తూ ఉన్నాను, దోసెలు వేస్తూ ఉన్నాను, అందరి తర్వాత గిన్నెలో మిగిలింది కలుపుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటూ ఉన్నాను.

పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు. మా ఇంట్లో రాత్రి భోజనానికి వేళ లేదు. పిల్ల ఏడున్నరకి తినేది, మామయ్యగారు బతికున్నప్పుడు ఆయన ఎనిమిదింటికి, మా వారు పదింటికి. బంధువులు ఎప్పుడొస్తే అప్పుడు. మాది రైల్వే స్టేషనుకి దగ్గర ఇల్లు, రాత్రి బళ్ళు దిగినవాళ్ళందరికీ మజిలీ మేమే. ఒకసారి రాత్రి పదకొండున్నరకి ఎనిమిదిమంది దిగారు, చెప్పాపెట్టకుండా. జ్వరంతో పడుకున్నదాన్ని లేచి కుక్కరు పెట్టాను. "మా కోడలు ఎన్నింటికొచ్చినా వేడన్నమే పెడుతుంది" అని అత్తయ్యగారు ఊరంతా చెప్పుకునేవారు. ఆ మాట నాకు పతకంలా ఉండేది. అబద్ధం చెప్పను, ఇప్పటికీ ఉంది.

ఆ కొండ ఊళ్ళో ఏడుంపావుకి భోజనాలయ్యాయి. ఎనిమిదింటికి వంటింట్లో దీపం ఆరిపోయింది. మా గదిలో పరుపులు పరుచుకుంటున్నాం. ఆ కాగితపు తలుపుల ఇంట్లో చిన్న చప్పుడైనా వినబడుతుంది. కింద ఎక్కడో టీవీ. దాంతో పాటు ఆవిడ నవ్వు. కాళ్ళు చాపుకుని కూర్చుని, ఏదో చూస్తూ, ఒక ఆడమనిషి తన ఇంట్లో పగలబడి నవ్వుతోంది. పైన ఏడుగురు అతిథులున్నారు. ఆవిడకి ఆ వేళ ఎవరితోనూ పనిలేదు.

మా వారు జీవితంలో మొదటిసారి పరుపు పరుస్తూ, దుప్పటి ఏ వైపు పెట్టాలో తెలియక నిలబడ్డారు. నేను చెప్పలేదు. ఆయనకే తెలిసింది.

పొద్దున ఫలహారం ఏడింటికి. తర్వాత అమ్మాయి చేత ఆవిణ్ణి అడిగించాను, అంత కచ్చితంగా ఆరింటికే ఎందుకని. ఆవిడ చెప్పింది: ఆరింటికి పెడితే ఎనిమిదింటికి నా పని అయిపోతుంది. అప్పుడు పెందలాడే పడుకుంటే ఐదింటికి లేవగలను. ఐదింటికి లేస్తేనే మీకు ఏడింటికి వేడిగా పెట్టగలను. వారానికి రెండు రోజులు ఎవరినీ తీసుకోను. అలా కాకపోతే ఎప్పుడో మానేసేదాన్ని. ముప్ఫై ఏళ్ళ నుంచి చేస్తున్నాను.

నేనూ ముప్ఫై ఏళ్ళ నుంచే చేస్తున్నాను. ఆవిడకి ఇంకా చేయాలని ఉంది. నాకు లేదు. తేడా అదీ.

మీరనబోయే మాటలు నాకు తెలుసు. ఆవిడది వ్యాపారం, మనది సంసారం; ఆవిడకి మనిషికింత అని డబ్బొస్తుంది, మన ఇంటికొచ్చే మేనత్తకి బిల్లు వేస్తామా? వేయం. వేయకూడదు కూడా. జపాన్‌లో ఆడవాళ్ళందరూ ఎనిమిదింటికి కాళ్ళు చాపుకుంటారని కూడా నేను చెప్పడం లేదు. అక్కడా ఇంటిపని భారం ఎక్కువగా ఆడవాళ్ళ మీదేనని మా అమ్మాయి తోటి ఉద్యోగినులే చెప్పారు. ఆవిడ పిల్లలు కూడా పట్నంలో స్థిరపడ్డారు, ఈ ఇల్లు తన తర్వాత ఎవరు నడుపుతారో తెలియదంది. ఒక్క రాత్రి చూసి వచ్చి ఒక దేశాన్ని పొగిడే వయసు కాదు నాది.

నేను చెప్పేది ఒక్కటే. మర్యాదకి హద్దు ఉంటే అది మర్యాద కాకుండా పోదు. నేను ఇన్నేళ్ళూ అలా పోతుందనే అనుకున్నాను. వేళ చెబితే ప్రేమ తక్కువైనట్టు, కుదరదంటే సంస్కారం లేనట్టు. ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాదలో ఏ లోటూ లేదు. చీకటిపడితే మా కోసం ఎదురుచూసిన మనిషి, నా తిండికి నాలుగే పెట్టినా నిజంగా పెట్టిన మనిషి, ఎనిమిదింటికి దీపం ఆర్పేసిన మనిషి, ముగ్గురూ ఒకావిడే. పైగా వేళ తెలిసింది కాబట్టి మేమూ మా వంతు చేశాం. త్వరగా నడిచాం, ఫోన్ చేశాం, పరుపు మడిచాం. వేళాపాళా లేని ఇంట్లో అతిథికి చేయడానికి ఏమీ ఉండదు, కూర్చోవడం తప్ప.

అతిథిని దేవుడిలా చూడమన్న మాట తైత్తిరీయోపనిషత్తులోది. మనందరికీ నోటికొచ్చిన మాటే. అదే చోట, అతిథి కంటే ముందు, తండ్రి కంటే ముందు, మొట్టమొదట దేవతగా చూడమన్నది తల్లిని. ఆ మొదటి మాట మనం దణ్ణాలకి ఉంచుకుని, చివరి మాట వంటింటికి ఉంచుకున్నాం. ఆ తల్లి పదకొండున్నరకి జ్వరంతో కుక్కరు పెడుతుంటే ఏ మాట నిలబెట్టినట్టు?

ఇంటికొచ్చాక నేను చేసిన విప్లవం ఏమీ లేదు. రాత్రి భోజనం ఎనిమిదింటికి అన్నాను. అందరం కలిసి. తొమ్మిదికి వంటింట్లో దీపం ఆర్పేస్తాను. ఆలస్యంగా వచ్చేవాళ్ళకి హాట్‌ప్యాకులో అన్నం, కూర, ఫ్రిజ్‌లో పెరుగు, బల్లమీద ఊరగాయ ఉంటాయి, తామే పెట్టుకోవాలి. రాత్రిబండికి వచ్చే బంధువులు ఫోన్ చేసి రావాలి. చేస్తే అన్నీ సిద్ధంగా ఉంటాయి. చేయకపోతే పాలు, అరటిపళ్ళు, మంచి పక్క.

మొదటి వారం మా వారు ముభావంగా ఉన్నారు. రెండో వారం ఒకరోజు తొమ్మిదిన్నరకి వచ్చి హాట్‌ప్యాకు మూత ఎలా తీయాలని అడిగారు. మూడో వారం నుంచి ఎనిమిదింటికే వస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆఫీసులో అంత పని లేదన్నమాట. సరే, ఆ సంగతి ఇంకోసారి.

నన్ను ఆశ్చర్యపరిచింది అత్తయ్యగారు. ఆవిడ ఒప్పుకోరనే భయపడ్డాను. ఎనభై రెండేళ్ళు, ఆవిడ చెప్పిందే పద్ధతి. మొదటిరోజు ఎనిమిదింటికి కంచం ముందు కూర్చోబెట్టి, పక్కనే నేనూ కూర్చున్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నాకు ఏడున్నరకే ఆకలేస్తుందమ్మాయ్. అబ్బాయి వచ్చేదాకా తినకూడదని ఆగేదాన్ని" అన్నారు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం, ఆకలితో కాచుక్కూర్చున్నాం.

అంతా సుఖాంతం అనుకోకండి. మా మరిదిగారి కుటుంబం సంక్రాంతికి చెప్పకుండా రాత్రి పదిన్నరకి దిగింది. పాలు, అరటిపళ్ళు ఇచ్చాను. "జపాన్ వెళ్ళొచ్చారుగా మరి" అంది తోడికోడలు. ఆ తర్వాత రాలేదు, ఫోన్లు కూడా తగ్గాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, లేచి నాలుగు చపాతీలు చేసి ఉంటే పోయేదేమో అని. ఇప్పటికీ అనిపిస్తుంటుంది. పతకం తీసి పక్కన పెట్టడం అంత తేలిక కాదు. త్సుమగో ఊరివాళ్ళు మూడు కట్టుబాట్లు చేసుకున్నప్పుడు కూడా ఇల్లు అమ్ముకోవాలనుకున్న కుటుంబం ఒకటైనా మొహం తిప్పుకుని ఉంటుందని నా అనుమానం.

మీలో ఎవరైనా అటు వెళితే, ఈ నాలుగూ గుర్తుంచుకోండి. మీ తిండి సంగతి గది తీసుకునేటప్పుడే వివరంగా రాయండి, దాషి సంగతి ప్రత్యేకంగా. చేతిలో యెన్లు ఉంచుకోండి, చిన్న ఇళ్ళలో కార్డు తీసుకోకపోవచ్చు. చిల్లుల్లేని మేజోళ్ళు వేసుకోండి, రోజంతా చెప్పులు విప్పడమే పని. సాయంత్రానికి ఊళ్ళో కొట్లన్నీ మూసేస్తారు, కాబట్టి భోజనం వేళ తప్పిపోకండి. కందిపొడి తీసుకెళ్ళండి, అదొక్కటీ నా సొంత సలహా.

నిన్న అమ్మాయి వీడియోకాల్ చేసింది. ఇక్కడ ఎనిమిది, అక్కడ రాత్రి పదకొండున్నర. "ఏం చేస్తున్నావమ్మా?" అంది.

"తింటున్నాను" అన్నాను. ఫోన్ తిప్పి కంచం చూపించాను. పక్కన అత్తయ్యగారి కంచం, ఎదురుగా మా వారి కంచం.

అది ఏమీ అనలేదు. కాసేపు అలా చూస్తూ కూర్చుంది.

మీ వంటింట్లో దీపం ఎన్నింటికి ఆరుతుందో చెప్పండి. ఇంకా ఆరలేదంటే, ఎవరి కోసం వెలుగుతోందో అదీ చెప్పండి.